డేగ చూసిన తెలుపు

పెట్టె మూత తీయగానే గదిలో ఉన్న నలుగురిలో ముగ్గురికి నీలం కనిపించింది. నాలుగో మనిషికి తెలుపు కనిపించింది. పాసు ముద్ర ఆ నాలుగో మనిషి చేతిలో ఉంది.

దారాల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ డేగ అంటారు. చాటుగానే అంటారు కానీ ఆ సంగతి ఆయనకి తెలుసు, లోలోపల మురిసిపోతాడు కూడా. ముప్ఫై ఒక్కేళ్ళుగా రంగుల తొట్టిలోంచి పైకొచ్చిన ప్రతి చిలపా, అంటే ప్రతి దారపు కట్టా, ముందు ఆయన కిటికీ దగ్గరికి రావలసిందే. ఇంకెక్కడైనా నమూనా కార్డు పక్కన పెట్టుకుని దారం సరిచూస్తారు. డేగ కార్డుల పెట్టె తెరిచి ఏళ్ళు దాటింది. చిలపని రెండు వేళ్ళకి చుట్టి వెలుగులోకి ఒక్కసారి ఎత్తుతాడు. "ఊఁ" అంటే పాసు. బల్ల మీద పడేస్తే మళ్ళీ తొట్టిలోకి. కార్డు చూడరేమని కొత్తలో మేనేజరు అడిగితే, "మీ ఆవిడని గుర్తుపట్టడానికి ఫొటో తీసి చూసుకుంటారా సార్?" అన్నాడు. ఆ మాట క్యాంటీన్లో ఏడాదిపాటు చక్కర్లు కొట్టింది.

"చొక్కాల కంపెనీవాళ్ళు నలభై పెట్టెలూ తిప్పి పంపేశారు," అన్నాడు మేనేజరు. "తెల్ల చొక్కా మీద ఈ దారంతో కుడితే పెన్నుతో నీలం గీత గీసినట్టుందట. మీరే చూడండి పెద్దాయనా."

డేగ చిలప తీసి కిటికీ వైపు ఎత్తాడు. అప్పుడే పితికిన పాలలా ఉంది. ఇంతకంటే మంచి తెలుపు ఈ మధ్య చూడలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు తక్కిన ముగ్గురి మొహాలు చూశాడు. ప్యాకింగ్ సూపర్‌వైజరమ్మ తల దించుకుని గోళ్ళు చూసుకుంటోంది. మేనేజరు మొహం మాడిపోయి ఉంది. తొట్టి మేస్త్రి మాత్రం తనవైపే చూస్తున్నాడు. ఇప్పుడు అన్న ఏదో ఒకటి చెప్తాడు, గండం గట్టెక్కుతుంది అన్నట్టు.

"ఏ రంగండీ ఇది?" అన్నాడు మేనేజరు.

"నీలమే," అన్నాడు డేగ.

"మరి పాసు ఎలా చేశారు?"

"నేను పాసు చేసినప్పుడు తెల్లగానే ఉంది."

మేస్త్రి నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. "అదేంటన్నా. చాలదు, పసుపు కొడుతోంది, ఇంకాస్త నీలం తగిలించు అని తొట్టి తొట్టికీ మీరేగా చెప్పింది?"

"చెప్పాను. ఇంత పొయ్యమన్నానా?"

పాసయిన చిలపలకి ఆఖరి జాడింపు ఉంటుంది, అది మేస్త్రి చేతుల్లోనే జరుగుతుంది. నీలం అప్పుడే ఎక్కువ పడిందనుకోవడానికి మేనేజరుకి అంతకంటే అక్కర్లేకపోయింది. వచ్చే శుక్రవారం విచారణ, అందాకా మేస్త్రిని పనిలోకి రావద్దన్నాడు. డేగ ముందుకి ఒక కాగితం జరిపాడు. డేగ రెండు వాక్యాలు రాశాడు: నేను పాసు చేసినప్పుడు సరుకు తెల్లగా ఉంది. తరువాత జరిగిన దానితో నాకు సంబంధం లేదు. కింద సంతకం పెట్టాడు.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ లేచాడు. పద్దెనిమిదేళ్ళుగా గోళ్ళలో ఇంకిపోయిన రంగు ఎంత తుడిచినా పోయేది కాదు. అయినా గుమ్మందాకా తుడుచుకుంటూనే వెళ్ళాడు.

సాయంత్రం వెలుతురు, అందుకే అలా కనిపించింది అనుకున్నాడు డేగ. గోడ మీద గడియారం మధ్యాహ్నం రెండు చూపిస్తోంది.

*

సోమవారం పొద్దున్నే కంటి ఆసుపత్రి. ఫ్యాక్టరీలో ఆ ముక్క చెప్పలేదు. బావమరిది ఇల్లు మారుతున్నాడు, సామాను సర్దాలి అని సెలవు చీటీ రాశాడు. కంట్లో శుక్లం ఉందని మూడు నెలల కిందటే తేలింది. బస్సు నంబరు తప్పు చదివి భార్యని ఊరికి ఆ చివరన దింపాక, ఆవిడే రెక్క పుచ్చుకుని డాక్టరు దగ్గరికి లాక్కొచ్చింది. అక్షరాలు కాస్త మసక, రంగులు నిక్షేపంగా ఉన్నాయి అని ఆయన వాదన.

కొలతలన్నీ ముందు వారమే అయ్యాయి. కంటి పొడవు కొలిచి లోపల పెట్టే లెన్సు నంబరు రాసుకున్నారు. రక్తపోటు, చక్కెర చూశారు. ఇప్పుడు మంచం మీద కూర్చోబెట్టి పది నిమిషాలకోసారి చుక్కలు వేస్తున్నారు. "కుడి కన్నేగా?" అని ముగ్గురు మనుషులు మూడుసార్లు అడిగారు. మూడోసారి అడిగిన నర్సు కుడి కనుబొమ్మ మీద పెన్నుతో బాణం గుర్తు వేసింది.

"పార్సిల్ మీద అడ్రసు రాసినట్టుంది," అంది భార్య. "ఇకనైనా దారి తప్పకుండా చేరతారు."

"నవ్వు, నవ్వు. నీకూ వస్తుంది ఈ వయసు."

"నాకొచ్చినప్పుడు నేను చెప్పుకుంటాను. మీలా మూడు నెలలు దాచను."

డాక్టరు దీపం ఉన్న పరికరంలోంచి కంట్లోకి చూస్తూ, ఊరికే మాట కలిపినట్టు, "ఏం పని చేస్తారు?" అంది.

"రంగులు చూస్తానమ్మా. దారాలకి. నేను ఊఁ అంటేనే సరుకు బయటికి వెళ్తుంది."

డాక్టరు తల పైకెత్తింది. "ఈ కళ్ళతోనా?"

"ఇవే ఉన్నాయి మరి."

"రెండు కళ్ళలోనూ శుక్లం బాగా ముదిరిందండీ. టీ డికాక్షన్ రంగుకి తిరిగింది. రంగుల్లో తేడా ఏమీ తెలియలేదా మీకు?"

"లేదే."

"తెలియదులెండి. ఒక్కరోజులో రాదు కదా. మెల్లిమెల్లిగా మారుతుంటే ఇదే మామూలు అనుకుంటాం." ఆవిడ చీటీ మీద ఏదో రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

డేగ కళ్ళ ముందు పెట్టె మూత, గోళ్ళు చూసుకుంటున్న సూపర్‌వైజరమ్మ, పాలలాంటి చిలప ఒకదాని వెనక ఒకటి కదిలాయి. నర్సు వచ్చి నెత్తికి టోపీ తొడిగింది. ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, "భయం లేదు తాతగారూ, పావుగంట పని," అంది.

పావుగంటే పట్టింది. కదలకూడదన్నారు, కదల్లేదు. పైన మూడు దీపాలు కరిగి ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. చెంప మీద నీళ్ళు కారుతున్నట్టనిపించింది. ఏదో సన్నగా గుయ్యిమంటోంది. డాక్టరు ఎవరితోనో కూతురి పరీక్షల గురించి మాట్లాడుతోంది. ఆఖర్న "లెన్సు పెట్టేశాం" అని వినిపించినప్పుడు డేగకి సంతోషం కలగలేదు. కట్టు ఎప్పుడు విప్పుతారోనని కాక, విప్పాక ఏం కనబడుతుందోనని దిగులు పట్టుకుంది.

*

మంగళవారం పదింటికి కట్టు విప్పారు.

ముందు గోడ కనిపించింది. ఆసుపత్రి గోడలు మీగడ రంగువి అనుకున్నాడు ఇన్నాళ్ళూ. మీగడ కాదు, సున్నం తెలుపు. నర్సు కోటు అంతకంటే తెలుపు. ఆ రెండు తెలుపులకీ మధ్య తేడా కూడా కనిపిస్తోంది. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాడు: తెలుపు. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాడు: పాత పేపరు రంగు. మళ్ళీ తెలుపు. మళ్ళీ పాత పేపరు.

"ఏంటండీ, నాకు కన్ను కొడుతున్నారు?" అంది భార్య. "నర్సు చూస్తోంది."

ఆవిడ మొహం చూశాడు. పెదవి పక్కన గీతలు ఎప్పుడొచ్చాయో తెలియలేదు. ఆమె చేతి సంచిలో తన ఉతికిన చొక్కా మడిచి ఉంది, ఇంటికి తొడుక్కుని వెళ్ళడానికి. "ఆ నీలం చొక్కా ఎందుకు తెచ్చావ్?" అన్నాడు. "తెల్లవి లేవా?"

భార్య సంచిలోకి చూసింది, ఆయన మొహంలోకి చూసింది. "ఇది తెల్లదే కదండీ," అంది నెమ్మదిగా. "మీ తెల్ల చొక్కాలన్నీ ఇలాగే ఉన్నాయి కదా."

ఇంటికొచ్చాక వంగకూడదన్నారు, బరువెత్తకూడదన్నారు, మొహం మీద నీళ్ళు పోసుకోకూడదన్నారు. అల్మారా తలుపు తియ్యకూడదని ఎవరూ అనలేదు. తలుపు తీశాడు. కొయ్యలకి ఏడు చొక్కాలు వేలాడుతున్నాయి. ఏడూ నీలం. ఒకటి లేత నీలం, ఒకటి చిక్కటి నీలం, భుజాల దగ్గర నీలిమందు గడ్డకట్టిన మరకలతో ఒకటి. కళ్ళాపి చల్లినట్టు మచ్చలు. ఇవి తొడుక్కుని రోజూ బస్సెక్కాడు. ఇవి తొడుక్కునే కిటికీ దగ్గర నిలబడి లోకానికి తెలుపు పాసు చేశాడు.

"నీలిమందు ఎంత వేస్తున్నావ్?"

"నాలుగు చెంచాలు."

"నాలుగా?"

"ఒక చెంచాతో మొదలుపెట్టింది మీరే కదండీ. పసుపు పోలేదు, పసుపు పోలేదు అని. నేను వద్దంటే, ముప్ఫై ఏళ్ళ నుంచి తెలుపు చూస్తున్నవాణ్ణి, నాకు చెప్తావా అన్నారు. ఇక నేనేం చెప్పను? ఎదురింటావిడ అడిగింది కూడాను, మీ ఆయనకి యూనిఫారం ఇచ్చారా అని."

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు దాటింది."

డేగ మంచం మీద కూర్చుండిపోయాడు. రెండేళ్ళు. గుర్తొచ్చింది: తొట్టి పక్కన మేస్త్రి నిలబడి ఉన్నాడు, చేతిలో కార్డు, "అన్నా, కార్డుతో సరిపోయింది కదా" అంటున్నాడు. కార్డు పాతబడి పసుపెక్కింది, అవతల పడెయ్యి, అన్నాడు తను. అది ఒక్కసారి కాదు. మూడుసార్లో, నాలుగుసార్లో. ఆ తరువాత మేస్త్రి కార్డు తేవడం మానేశాడు. చెప్పినంత నీలం చెప్పినట్టు పోశాడు.

భార్యకి పెట్టె సంగతి మొత్తం చెప్పాడు. ఆవిడ మధ్యలో ఒక్కసారే ఆపింది. "తెల్లగా కనబడితే నీలం అని ఎందుకన్నారు?"

ఆయన లేచి అల్మారా తలుపు మూశాడు. ఆవిడ చుక్కలమందు సీసా తీసి, తల వెనక్కి వాల్చమని, కుడి కంట్లో ఒక చుక్క వేసింది. "కన్ను ముయ్యండి," అంది.

బుధవారం డేగ మేస్త్రి ఇంటికి ఫోను చేశాడు. మేస్త్రి భార్య తీసింది. రంగుల పనికి ఇంకో రెండు చోట్లకి వెళ్ళొచ్చాడట. సరుకులో రంగు కలిపినవాడన్న కబురు ఆయనకంటే ముందే అక్కడికి చేరిందట. "గేటు దగ్గరే ఆపేశారండీ," అందామె. "డేగ కంటికి దొరికిపోయినవాణ్ణి మేమెలా పెట్టుకుంటాం అన్నారట." పక్కన మేస్త్రి గొంతు వినిపించింది, ఎవరని అడుగుతూ. ఆమె చెప్పింది. ఫోను పెట్టేసిన చప్పుడైంది.

*

శుక్రవారం నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, భార్య కొత్తగా కొన్న తెల్ల చొక్కా తొడుక్కుని, డేగ ఫ్యాక్టరీకి వెళ్ళాడు. మేనేజరు గదిలో బల్ల మీద తిరిగొచ్చిన పెట్టె ఉంది, పక్కన తను రాసిన కాగితం. మేస్త్రి గోడవారన కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. సూపర్‌వైజరమ్మ నిలబడి ఉంది.

డేగ అద్దాలు తీసి పెట్టెలోకి చూశాడు. కాస్తో కూస్తో తేడా ఉంటుందనుకున్నాడు. తల కొట్టేసినట్టయింది. గ్యాస్ మంటలా ఉంది దారం. దీన్ని చూసి తెలుపు అనడానికి మనిషికి కన్నయినా ఉండకూడదు, సిగ్గయినా ఉండకూడదు. ఇన్నాళ్ళూ ప్యాకింగ్‌లో పన్నెండు మంది ఆడవాళ్ళు దీన్ని చేత్తో పట్టుకుని డబ్బాల్లో సర్దారు. డేగ పాసు చేశాడని ఒక్కరూ నోరు మెదపలేదు.

"సార్, తప్పు నాది," అన్నాడు. "నాకు రెండు కళ్ళలోనూ శుక్లం. సోమవారం ఒకదానికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు తెలుస్తోంది. ఈ నీలం నేను పోయించిందే. మేస్త్రి నేను చెప్పిందే చేశాడు."

మేనేజరు జాలిగా నవ్వాడు. "కూర్చోండి పెద్దాయనా. మా అమ్మకీ చేయించాం పోయినేడు. ఆపరేషన్ అయ్యాక నెల్లాళ్ళు ఇల్లంతా నీలం నీలం అంటూ కూర్చుంది. అందరికీ అంతేనట. మీకిప్పుడు ఏది చూసినా నీలంగానే ఉంటుంది. ఆ కంటితో చూసి తప్పు నెత్తినేసుకుంటే ఎలా?"

"అది కాదు సార్."

"మీది మెత్తటి మనసు, తోటివాడి ఉద్యోగం పోతుంటే చూడలేకపోతున్నారు. నాకర్థమైంది. కానీ పోయినవారం కన్ను బాగున్నప్పుడు రాసిన కాగితం ఇదిగో, నా దగ్గరుంది."

గుడ్డివాడిగా చెప్పిన అబద్ధం చెల్లింది. చూపొచ్చాక చెప్పిన నిజం చెల్లడం లేదు. గోడవారన మేస్త్రి మొహంలో ఆశ్చర్యం కూడా లేదు, ఇలాగే అవుతుందని ముందే తెలిసినట్టు నేల చూస్తున్నాడు.

"నాకింకా పాత కన్ను ఒకటి ఉంది సార్," అన్నాడు డేగ. "ఎడమది. పోయినవారం చూసిన కన్ను. దాన్నే అడగండి."

సూపర్‌వైజరమ్మని పంపించి కార్డుల పెట్టె తెప్పించాడు. కార్డుకి సరిపోయే తెల్ల చిలపలు ఐదు, తిరిగొచ్చిన పెట్టెలోవి ఐదు. ఏది ఏదో రాసి మడిచిన చీటీ కొసకి కట్టి, కలిపేసి, కిటికీ దగ్గరి బల్ల మీద పరవమన్నాడు. కుడి కంటి మీద కన్నుకి తగలకుండా దోసిలిలా అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎడమ చేత్తో ఒక్కో చిలప ఎత్తాడు. ముప్ఫై ఒక్కేళ్ళ అలవాటు, చెయ్యి తనంతట తనే నడిచింది. ఊఁ. పడేశాడు. పడేశాడు. ఊఁ. పది చిలపలకీ నిమిషం పట్టలేదు.

చెయ్యి తీసి రెండు కుప్పలూ కుడి కంటితో చూశాడు.

పాసు కుప్పలో ఐదూ నీలం. పడేసిన కుప్పలో ఐదూ మల్లెపూల్లాంటి తెలుపు. ఒక్కటి కూడా అటు ఇటు కాలేదు. ఇంత తప్పుగా, ఇంత పద్ధతిగా తప్పు చెయ్యడం ఎవరికి సాధ్యం? సూపర్‌వైజరమ్మ చీటీలు విప్పి చదువుతూ మధ్యలో ఆగిపోయింది. మేనేజరు లేచి వచ్చి తనే మిగిలినవి విప్పాడు.

"అయ్యయ్యో," అన్నాడు మేనేజరు. "కన్ను చేసిన పనా ఇదంతా. మీరేం చేస్తారు పెద్దాయనా, రోగం చెప్పి వస్తుందా ఎవరికైనా." టీ తెప్పించాడు. కంపెనీవాళ్ళకి తను రాస్తానన్నాడు. మేస్త్రి సోమవారం నుంచి పనిలోకి రావచ్చన్నాడు. సూపర్‌వైజరమ్మ కళ్ళు తుడుచుకుంది. డేగ భుజం మీద ఎవరిదో చెయ్యి పడింది. అంతా ఇంత తేలిగ్గా అయిపోతుందని ఆయన అనుకోలేదు. ఆ వెచ్చదనంలో ఒక్క క్షణం ఒళ్ళు వదిలేశాడు.

మేస్త్రి టీ ముట్టుకోలేదు. "ఒక మాట అడగొచ్చా సార్?" అన్నాడు.

మేనేజరు తల తిప్పాడు. కానీ మేస్త్రి సార్ అన్నది డేగని.

"ఆ పాత కంటికి ఇది తెలుపు. ఇప్పుడే అందరం చూశాం. పోయినవారం మీకు ఆ కళ్ళే ఉన్నాయి. ఇదే పెట్టె తీశాం, ఇదే కిటికీ. మరి నీలం అని ఏ కంటితో చూసి అన్నారు?"

సూపర్‌వైజరమ్మ చేతిలో కప్పు గాల్లోనే ఆగింది. మేనేజరు, "వదిలెయ్యవయ్యా, నీ ఉద్యోగం నీకొచ్చిందిగా," అన్నాడు. మేస్త్రి వదల్లేదు. గొంతు పెంచలేదు, కుర్చీలోంచి లేవలేదు. చూస్తున్నాడంతే.

గుర్తులేదంటే సరిపోతుంది. ఆపరేషన్ అయిన మనిషిని ఇంకో ప్రశ్న ఎవరూ వెయ్యరు. డేగ ఆ మాట నాలుక మీద పెట్టుకుని కూడా చూశాడు.

"కంటితో చూసి అనలేదు," అన్నాడు. "మీ ముగ్గురి మొహాలు చూసి అన్నాను. నాకు తెల్లగానే కనిపించింది. తెల్లగా ఉందంటే నా కన్ను పోయిందని తెలిసిపోతుంది. నీలం అంటే నీ మీదికి పోతుంది. రెండూ తెలుసు నాకు. తెలిసే అన్నాను."

భుజం మీది చెయ్యి ఎప్పుడు తీసేశారో తెలియలేదు. మేనేజరు కప్పు పక్కన పెట్టాడు.

"ఆ ముక్క ఈ గదిలోనే ఉండనివ్వండి," అన్నాడు. "కాగితంలో రోగం అని రాస్తాను. రోగమైతే వైద్యం సెలవు ఇచ్చి, గౌరవంగా సాగనంపుతాం. తెలిసి అబద్ధం చెప్పారని ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండదు. ఈ రోజే గేటు బయట ఉంటారు. ముప్ఫై ఒక్కేళ్ళు, ఆలోచించుకోండి."

డేగ బల్ల మీది కాగితం తన ముందుకి లాక్కున్నాడు. పోయినవారం రాసిన రెండు వాక్యాలూ కళ్ళద్దాలు లేకుండానే కనబడుతున్నాయి, ఒక్కో అక్షరం, ఒక్కో ఒంపు. మేనేజరు జేబులోంచి పెన్ను ఇవ్వలేదు. సూపర్‌వైజరమ్మ ఇచ్చింది. పాత వాక్యాల మీద అడ్డంగా గీత కొట్టి, కింద రాశాడు, కన్ను సంగతి ముందు, మొహాలు చూసి అన్న సంగతి తరువాత, మేస్త్రికి దీనితో ఏ సంబంధమూ లేదని ఆఖర్న. సంతకం పెట్టి మేనేజరు వైపు జరపబోయాడు.

మధ్యలో మేస్త్రి చెయ్యి చాచి కాగితం అందుకున్నాడు. మొదటి నుంచి చివరిదాకా పెదాలు కదుపుతూ చదివాడు. ఇంకోసారి చదివాడు. తరువాత డేగ ముందు పెట్టి, సంతకం కింద ఖాళీగా ఉన్న చోట వేలు ఆనించాడు.

"తేదీ వెయ్యలేదు," అన్నాడు.

డేగ తేదీ వేశాడు.